కుక్కనే కదా అన్నోళ్ళకు మా జవాబు

పోస్టు పెద్దగుంటది. డ్యూటీ దిగినంక, స్నానం చేసి, తిన్నంక తీరుబడిగ చదవండి. సగం చదివి కింద నవ్వు బొమ్మ పెట్టి పోవద్దు.

మా క్యాంపుల మోతీ అనే కుక్క చనిపోయింది. ఎలుకల మందు వల్ల చనిపోయింది. ఇట్ల చెప్తే పదిమందిల ఎనిమిదిమంది "కుక్కనే కదా అన్నా" అంటున్నరు. మా క్యాంప్ బాస్ కూడ అదే మాటన్నడు. అందుకే రాస్తున్నం. మేమంటే మా రూంల ఆరుగురం, పక్క రూం నలుగురం. ఇద్దరు ఫోర్‌మెన్లు, ఒక సూపర్‌వైజర్, మిగిలినోళ్ళు స్టీల్ ఫిక్సర్లు, కార్పెంటర్లు. పదో తరగతి దాటినోళ్ళు మాల ఇద్దరే. డాక్టర్ల లెక్క రాయలేం గని, కండ్లార చూసింది, డాక్టరమ్మ చెప్పింది, తర్వాత ఫోన్ల చదివి పక్కా చేసుకున్నది రాస్తున్నం.

ముందుగాల మోతీ ఎవరో చెప్పాలె. షార్జాల సజ్జా దిక్కు మా క్యాంపు. కరోనా టైంల గేటు మూసి నెలల తరబడి లోపలే ఉంచినప్పుడు ఎక్కడి నుంచో వచ్చింది. ఎడారి కుక్క, పొడుగు కాళ్ళు, ఇసుక రంగు. మెస్సుల మిగిలిన ఖుబ్బూస్ ఏస్తే తిని గేటు కాడ పండేది. రాత్రి రెండింటికి కాంక్రీటు పోసి బస్సు దిగితే తోక ఊపుకుంట వచ్చేది ఆ ఒక్క జీవే. ఇండ్లల్ల పిల్లలు మనల్ని వీడియో కాల్ల చూసి చూసి అలవాటు పడ్డరు, మనిషి ఎదురొస్తే తోక ఊపే ప్రాణం మనకు ఇదొక్కటే ఉండె. ఈ మాట నవ్వులాటకు అంటలేం. మోతీకి రేబిస్ సూది మేమే ఏపించినం, తలా ఇరవై దిరమ్స్ ఏసుకొని.

ఇగ జరిగింది చెప్తం.

సోమవారం మేం సైటు మీద ఉన్నం. బల్దియా ఇన్‌స్పెక్షన్ వస్తదని ఖబర్ వచ్చిందట. క్యాంప్ బాస్ తన హెల్పర్‌కు ఒక బకెట్ ఇచ్చి, మెస్సు వెనక, కచరా స్కిప్ చుట్టూ, బాత్రూంల గోడ పొంటి మందు చల్లిపిచ్చిండు. చల్లిపిచ్చిండు అనే రాస్తున్నం, పెట్టిపిచ్చిండు అని కాదు. కోడికి గింజలేసినట్టు చల్లిండు ఆ పిలగాడు, ఉత్త చేతులతోటి. మూతికి గుడ్డ లేదు. అతను బంగ్లా తమ్ముడు, అతన్ని మేం ఏమంటలేం. అతనికి ఎవరూ ఏం చెప్పలే. మాకు సుత ఎవరూ చెప్పలే. నోటీసు బోర్డు మీద కాయితం లేదు, వాట్సాప్ గ్రూపుల మెసేజ్ లేదు. మెస్సు టైం అయిదు నిమిషాలు మారితే నాలుగు భాషల మెసేజ్ పెట్టే మనిషి, విషం చల్లితే ఒక్క భాషల పెట్టలే.

గురువారం దాక మోతీ మంచిగనే ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి. విషం తిన్న జీవి మూడు రోజులు మంచిగ తిరిగింది. గురువారం సాయంత్రం కొంచెం మబ్బుగ ఉండె, ఎండకు అట్లుంది అనుకున్నం. శుక్రవారం ముందరి కాలు కుంటింది, కీలు కాడ వాపు. పక్క క్యాంపు డ్రైవర్ ఎవడో రాడ్ తోటి కొట్టిండని మేం అనుమానపడ్డం. ఇద్దరు తమ్ముళ్ళు పోయి ఆ పఠాన్ డ్రైవర్‌తోటి లొల్లి కూడ పెట్టుకున్నరు. పాపం అతనికి ఏం తెల్వదు. తర్వాత పోయి మాఫీ అడిగినం. అది దెబ్బ కాదు. కీలు లోపల నెత్తురు కారుతుండె.

ఇంకో తప్పు చేసినం. అది దాచం. కుంటుతుందని మనం ఒళ్ళు నొప్పులకు ఏసుకునే గోలీ సగం చేసి ఖుబ్బూస్‌ల పెట్టి ఏసినం. డాక్టరమ్మ ఆ మాట వినంగనే కండ్లు మూసుకుంది. ఆ తీరు నొప్పుల గోలీలు మామూలు కుక్కకే పేగుల్ల పుండు చేసి నెత్తురు కారేటట్టు చేస్తయట. నెత్తురు గడ్డ కట్టని కుక్కకు ఇచ్చుడంటే పగిలిన పైపు మీద ప్రెషర్ పెంచినట్టే. మంచి చేద్దామనే చేసినం.

శనివారం రాత్రికి దగ్గు, ముక్కుల నుంచి నెత్తురు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగ, సున్నం కొట్టినట్టు. ట్యాక్సీ ఆపితే ఎవడూ ఎక్కించుకోలే. నిజామాబాద్ తమ్ముడు ఒకతను పికప్ నడుపుతడు, అతను నిద్రల నుంచి లేచి వచ్చిండు. జంతువుల ఆస్పత్రికి పొయ్యేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మ కేరళ ఆమె, హిందీల మాట్లాడింది. పరీక్షకు నెత్తురు తీసింది, సూది గుచ్చిన కాడ నెత్తురు ఆగలే. పది నిమిషాలు గట్టిగ ఒత్తి పట్టినా ఆగలే. ఆమె అడిగిన మొదటి మాట: "మీ దగ్గర ఎలుకల మందు పెట్టినరా?"

మేం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మాకు తెల్వదు. క్యాంప్ బాస్‌కు ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తి, "పెట్టినం, తెల్ల సంచి, పేరు గుర్తు లేదు, రేపు మాట్లాడుదం" అని పెట్టేసిండు.

ఛాతీల నెత్తురు నిండింది, ఊపిరితిత్తులు ఇచ్చుకుంటలేవు అని ఆమె చెప్పింది. విటమిన్ కె1 సూది ఏసింది. కాని అది పని చేసి లివరు కొత్త సరుకు తయారు చేసేటందుకు గంటలు పడుతది. అంతల దాక ప్రాణం నిలవాలంటే వేరే కుక్క ప్లాస్మా గాని నెత్తురు గాని ఎక్కియ్యాలె. ఆ రాత్రి దొరకలే. ఫజర్ బాంగ్ కంటే ముందే మోతీ పోయింది.

బిల్లు కట్టి వచ్చి, పొద్దున కచరా స్కిప్ల దిగి సంచి ఎతికినం. దొరికింది. దాని మీద రాసి ఉంది: బ్రోమాడియోలోన్, 0.005 శాతం. ఇంగ్లీషుల, అరబ్బీల హెచ్చరిక కూడ ఉంది, పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని జాగల పెట్టాలె అని. చదివేటోడు లేక సంచి చెత్తల పడ్డది.

ఆ మందు చేసే పని మాకు అర్థమైనంత చెప్తం, మన పని భాషల.

మన ఒంట్ల గాని కుక్క ఒంట్ల గాని రోజూ ఎక్కడో ఒక చోట సన్న నాళాలు చిట్లుతుంటయి. దుంకినప్పుడు, గోడకు రాసుకున్నప్పుడు. మనకు తెల్వదు, ఎందుకంటే నెత్తురు వెంటనే గడ్డ కట్టి చిల్లు మూసుకుంటది. ఆ మూసే సరుకు లివరు తయారు చేస్తది. తయారు చేసేటందుకు విటమిన్ కె కావాలె. ఒంట్ల ఆ విటమిన్ కొంచెమే ఉంటది, వాడినదాన్నే సాఫు చేసి మళ్ళ మళ్ళ వాడుకుంటది. మనం షట్టరింగ్ ప్లై ఒక స్లాబు నుంచి ఊడదీసి, గీకి, నూనె రాసి పై స్లాబుకు వాడుతం చూడు, అట్ల. ఈ విషం ఏం చేస్తదంటే ఆ సాఫు చేసే పనిని బంద్ చేస్తది. వాడిన ప్లై వాడినట్టే కుప్ప పడుతది. కొత్త స్లాబుకు ప్లై లేదు. కాని స్టోరుల ఉన్న పాత సరుకుతోటి రెండు మూడు రోజులు నడుస్తది. అందుకే కుక్క మంచిగనే కనబడుతది. సరుకు అయిపోయిన రోజు చిట్లిన ప్రతి చిల్లూ కారుడు మొదలు పెడుతది. కీళ్ళల్ల, ఛాతీల, పొట్టల, ఊపిరితిత్తులల్ల. బయటికి చుక్క కనబడకుంట లోపలనే పోతది చాన సార్లు.

ఈ ఆలస్యం పొరపాటున వచ్చింది కాదు. ఎలుక హుషారు జీవి. కొత్త తిండి కొంచెం కొరికి చూస్తది, కడుపు నొప్పొస్తే మళ్ళ ముట్టది. అందుకే నాలుగు రోజుల తర్వాత చంపే మందు దానికి సరిపోయింది. ఈ మందు పుట్టుక కూడ పశువుల నుంచే. అమెరికా, కెనడా దిక్కు 1920లల్ల బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న ఆవులు నెత్తురు ఆగక చచ్చిపోతుండె. 1933ల విస్కాన్సిన్ రైతు ఒకతను మంచు తుఫానుల చచ్చిన పెయ్యను, గడ్డ కట్టని నెత్తురు పాల క్యానుల పోసుకొని మాడిసన్ యూనివర్సిటీకి తెచ్చిండు. అక్కడ కార్ల్ లింక్ అనే సైంటిస్టు దగ్గర పని చేసేటోళ్ళు ఆ గడ్డిల ఉన్న పదార్థం పట్టుకున్నరు. దాని నుంచి వచ్చిందే వార్ఫరిన్, 1948ల ఎలుకల మందుగ మార్కెట్‌కు వచ్చింది. తర్వాత అదే మనుషులకు నెత్తురు పల్చబడే గోలీ అయింది. మాల ఒకల అమ్మకు గుండె వాల్వు మార్చినంక ఆ జాతి గోలీనే ఇస్తున్నరు, నెల నెలా నెత్తురు పరీక్ష చేసి మోతాదు సరిచూస్తరు. మనిషికైతే పరీక్ష చేసి గోలీల సగం, పావు లెక్కన ఇచ్చే మందు ఇది. మా కాడ దాని జాతిదే, దానికంటే ముదురుది, బకెట్‌తోటి చల్లిండ్రు.

ముదురుది అని ఎందుకంటున్నమంటే, వార్ఫరిన్‌కు ఎలుకలు అలవాటు పడ్డయి. 1958ల స్కాట్లాండ్ల మొదట బయటపడ్డది. అప్పుడు రెండో తరం మందులు తెచ్చిండ్రు: బ్రోమాడియోలోన్, బ్రోడిఫాకం, డైఫెనాకం, డైఫెథియాలోన్. ఇవి ఒక్కసారి తిన్నా చాలు, లివరుల వారాల తరబడి ఉండిపోతయి. మందు తిన్న ఎలుక లోపల కూడ అట్లనే ఉంటది. చచ్చేముందు ఎలుక మబ్బుగ అయి పగటిపూట బయట తూలుతది. అసుంటిది పిల్లికి, కుక్కకు, గుడ్లగూబకు చేతికందిన ముద్ద. అంటే విషం పెట్టిన జాగల నుంచి అదే కాళ్ళు తెచ్చుకొని నడుస్తది.

"మరి ఎలుకలను ఏం చెయ్యమంటరు, పూజ చెయ్యాల్నా?" అని క్యాంప్ బాస్ ఎటకారం చేసిండు. లేదు సారూ. ఎలుకలతోటి మాకూ తిప్పలే. బియ్యం సంచులు కొరుకుతయి, బ్యాగులు కొరుకుతయి, రాత్రి కాళ్ళ మీదికెళ్ళి పోతయి. వాటి ఉచ్చతోటి రోగాలొస్తయి. మందు పెట్టొద్దని మాల ఎవ్వలం అంటలేం. పెట్టే తీరు గురించే మా కొట్లాట.

మన ఊర్లె వ్యవసాయం చేసినోళ్ళను అడుగు. వరి పొలంల ఎలుకలు పడితే ఇదే బ్రోమాడియోలోన్ వాడుతరు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు కలిపి, కాయితంల చిన్న పొట్లాలు కడుతరు. ముందు రోజు సాయంత్రం బొక్కలన్నీ మట్టితోటి మూస్తరు. తెల్లారి ఏ బొక్క తెరుచుకుంటదో దాంట్లనే ఎలుక ఉన్నట్టు. ఆ బొక్క లోపల పొట్లం పెట్టి మళ్ళ మూస్తరు. ఊరంత కలిసి ఒక్క రోజు చేస్తే ఇంకా మంచిది అని వ్యవసాయ ఆఫీసర్లు చెప్తరు. బడి ముఖం చూడని మన తాతలు ఆఫీసరు మాట విని బొక్కల పెట్టిండ్రు. ఇంగ్లీషు, అరబ్బీ చదవొచ్చిన మనిషి మెస్సు వెనక నేల మీద చల్లిపిచ్చిండు. ఎవరిది చదువు?

క్యాంపుల బొక్కలు లేవంటే దానికి పెట్టెలున్నయి. నల్ల ప్లాస్టిక్ డబ్బా, తాళంచెవితోటి తెరిచేది, ఎలుక దూరే సందు మాత్రమే ఉంటది, లోపల మందు బిళ్ళ చువ్వకు గుచ్చి ఉంటది. మాల్ల వెనక, హోటళ్ళ వెనక గోడ పొంటి మీరు చూసే ఉంటరు. పెద్దోళ్ళు తిరిగే జాగల పెట్టె, మనం పండే జాగల చల్లుడు. పర్మిట్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళతోటి చేయించాల్సిన పని హెల్పర్‌తోటి చేయిస్తే ఎంత మిగిలిందో లెక్క మాకు తెల్వది కాదు. ఎస్టిమేట్లు మేమూ ఏస్తం.

ఇగ మనోళ్ళ సంగతి కూడ చెప్పాలె, లేకుంటే ఒక పక్కనే రాసినట్టయితది.

ఎలుకలు ఊకె రాలే. తిన్న అన్నం కిటికీల నుంచి పడేసేది మనమే. స్కిప్ మూత తీసి మళ్ళ ఏసేటోడు లేడు. మంచాల కింద బియ్యం, పప్పు, ఊరి నుంచి తెచ్చిన సకినాలు కవర్లల్ల కట్టి పెడుతం, డబ్బాల పొయ్యం. మోతీ పోయినంక మా రెండు రూములోళ్ళం స్టీలు డబ్బాలు కొన్నం, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టినం, పైపులు గోడల నుంచి పోయే కంతలకు వైరు మెష్ కుక్కి సిమెంట్ ఏసినం. పొద్దుందాక ఊరోళ్ళ బిల్డింగులకు సీలింగ్ చేసేటోళ్ళం, మన రూముకు చెయ్యనీకి కుక్క చావాల్సి వచ్చింది.

ఇంకొందరు ఉన్నరు. కుక్క రాత్రి మొరుగుతుందని ఖుబ్బూస్‌ల మందు చుట్టి ఏసేటోళ్ళు. మా క్యాంపుల కాదు, రెండు క్యాంపుల అవతల జరిగింది. తమ్మీ, ఈ దేశంల జంతువుల రక్షణకు 2007లనే 16 నంబరు ఫెడరల్ చట్టం ఉంది. దొరికితే నీ తరపున మాట్లాడేటోడు ఎవడూ రాడు. చట్టం సంగతి పక్కన పెట్టు, నాలుగు రోజులు లోపల లోపల నెత్తురు కారి ఊపిరి అందక చచ్చుడు ఎట్లుంటదో మేం చూసినం. పగోనికి కూడ అట్ల ఏసే పని కాదు.

"దేశం కాని దేశంల కుక్క కోసం క్యాంప్ బాస్‌తోటి పెట్టుకుంటే వీసా పోతది" అని ఒక పెద్దమనిషి కామెంట్ పెట్టిండు. కాకా, మీ భయం మాకూ ఉంది. కాని ఒక్క మాట ఆలోచించు. ఆ బకెట్ పట్టిన తమ్ముడు చెయ్యి కడుక్కోకుంట అదే మెస్సుల అన్నం తిన్నడు. మేం చెప్పులు ఇడిచే కాడ గింజలు పడి ఉండె. ఇయ్యాల కుక్క కనబడ్డది కాబట్టి సంచి పేరు తెలిసింది. మనం ఉండే చోట ఏం విషం పెట్టిండ్రో పేరు చెప్పు అని అడుగుడు కూడ తప్పయితే, ఇగ మనం ఏం అడుగుతం?

విల్లాల్లో పని చేసే అక్కలు, చెల్లెళ్ళు, తోట పని, డ్రైవర్ పని చేసే తమ్ముళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగ చదవండి. అర్బాబ్ కుక్క మీ చేతుల ఉంటది. తోటల మందు పెట్టినోడు పెట్టి పోతడు, కుక్కకు ఏమన్న అయితే మొదట మాట పడేది మీరు. మందు పెట్టిన రోజు, జాగ, ప్యాకెట్ ఫొటో తీసి మేడంకు వాట్సాప్ చెయ్యండి. మాటతోటి చెప్పకండి, మెసేజ్ పెట్టండి. తారీఖు దాంట్లనే పడుతది.

కుక్క మందు తిన్నట్టు చూసినా, అనుమానం వచ్చినా, మంచిగనే ఉంది కదా అని ఆగొద్దు. తిన్న కొన్ని గంటల లోపల డాక్టర్ దగ్గరికి పోతే కక్కించి బయటికి తీస్తరు. ఇంట్ల ఉప్పు నీళ్ళు, నూనె తాగిపియ్యొద్దు. ప్యాకెట్ తప్పకుంట పట్టుకపోవాలె, ఎందుకంటే ఎలుకల మందులన్నీ ఒక్కటి కాదు. నెత్తురు కారే జాతికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. జింక్ ఫాస్ఫైడ్, మన కాడ దొరికే నల్ల పొడి, కడుపుల గ్యాసు పుట్టిస్తది, దానికి విరుగుడు లేదు. ట్యూబులల్ల దొరికే పచ్చ భాస్వరం పేస్టు లివరును తింటది, దానికీ లేదు. మన జిల్లాల్లో ఆ పేస్టు తిని పోయిన మనుషులు మీ ఎరుకల కూడ ఉండి ఉంటరు. కె1 బదులు ఫార్మసీల కె3 ఇస్తే తీసుకోవద్దు, ఈ విషానికి అది పని చెయ్యదని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. నాలుగైదు రోజులకు కుంటుడు, దగ్గు, ఆయాసం, తెల్ల చిగుళ్ళు, ఉచ్చల నెత్తురు, ఒంటి మీద నల్లగ కమిలినట్టు మచ్చలు, ఇండ్ల ఏది కనబడ్డా తెల్లారే దాక ఆగొద్దు. మేం ఆగినం.

సోమవారమే మాకు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ సాయంత్రమే మోతీని కట్టేసి పట్టుకపోతుంటిమి. బతికే అవకాశం బాగ ఉండె అని డాక్టరమ్మ అన్నది. ఆ మాట మమ్మల్ని ఇంకా పండనిస్తలేదు.

మోతీకి ఒక పిల్ల ఉంది, గుండు అని పిలుస్తం. దానికి ఏ లక్షణం లేదు, ఎగురుకుంట తిరుగుతుంది. అయినా సంచి దొరికిన పొద్దున్నే పట్టుకపోయినం. నెత్తురు పరీక్షల గడ్డ కట్టే టైం అప్పటికే పెరిగి ఉంది. ఇంకో రోజు అయితే ఇది కూడ కుంటేది. ఇరవై ఎనిమిది రోజులు గోలీలు రాసింది. ఉత్త కడుపున కాదు, కొవ్వు ఉన్న తిండితోటి ఏస్తేనే ఒంటికి పడుతదట, మెస్సు వంటమనిషి రోజూ చికెన్ తోలు పక్కన పెడుతున్నడు. మంచిగైంది కదా అని మధ్యల ఆపితే, లివరుల ఉన్న విషం మళ్ళ పని మొదలు పెడుతది. ఆఖరి గోలీ అయిన రెండు రోజులకు మళ్ళ పరీక్ష. గోలీలకు, రెండు పరీక్షలకు, మోతీ రాత్రి బిల్లుకు కలిపి పదిమందిమి ఓవర్‌టైం పైసలు ఏసుకున్నం. కంపెనీని అడగలే, అడిగినా ఇయ్యరు.

కంపెనీని అడిగింది వేరే. తెల్లకాయితం మీద హిందీల, తెలుగుల రాసి పదిమందిమి సంతకాలు పెట్టి ఇచ్చినం. మందు చల్లుడు బంద్ చేసి తాళం పెట్టెలల్ల పెట్టాలె. పెట్టే ముందు రోజు మందు పేరుతోటి నోటీసు మా భాషల్ల పెట్టాలె. పని చేసేటోనికి గ్లోవ్స్ ఇయ్యాలె. స్కిప్ రోజూ ఖాళీ చెయ్యాలె. నాలుగే మాటలు. కాయితం తీసుకున్నడు, మీద స్టాంప్ ఎయ్యలే. "చూస్తం" అన్నడు.

గుండుకు ఇయ్యాలటికి పందొమ్మిదో రోజు. ఆదివారం సాయంత్రం అయిదింటికి స్టాంప్ కోసం మళ్ళ ఆఫీసుకు పోతున్నం. ఆ సంచి కడిగి, మడిచి, కవర్ల పెట్టుకున్నం. మా క్యాంపోళ్ళు ఎవరొస్తరో కింద రూం నంబర్ రాయండి. పక్క క్యాంపులోళ్ళు మీ మెస్సు వెనక ఒకసారి పోయి, టార్చ్ ఏసి చూసి ఫొటో పెట్టండి.